క్లారినెట్ జగదీశ్వర్ ఎడమ దవడ

చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ వెనక సందులో ‘ముత్యాలు బ్యాండ్’ అనే బోర్డు కింద ఒక పాత మడిగె ఉంది. ముత్యాలు పోయి పన్నెండేళ్లయింది. ఇప్పుడక్కడ కూర్చునేది ఆయన కొడుకు జగదీశ్వర్. యాభై మూడేళ్ల మనిషి. పొట్ట కొంచెం ముందుకు, మీసం కొంచెం పైకి, మాటలు మాత్రం కాచిగూడ స్టేషన్ దాకా వెళ్తాయి. నోట్లో క్లారినెట్ ఉంటే పాట, లేకపోతే గొప్పలు. ఆ నోరు ఖాళీగా ఉండగా చూసినవాళ్లు ఆ సందులో లేరు.

తొమ్మిదో తరగతి నడుమ ఆయన బడి మానేశాడు. లెక్కల్లో సున్నా వచ్చి మానేశాడని ఇంట్లోవాళ్లంటారు. ఆయన చెప్పేది వేరు. ప్రార్థన వేళ సరదాగా క్లారినెట్ ఊదితే నారాయణగూడ నుంచి హిమాయత్‌నగర్ దాకా ఏడు బళ్ల పిల్లలు ఇంటిగంట కొట్టారనుకొని వీధిలోకి వచ్చేశారట. ఏడుగురు హెడ్మాస్టర్లు కలిసొచ్చి, “నీకు చదువెందుకు నాయనా, మమ్మల్ని బతకనీ” అని చేతులు జోడించారట. ఆ హెడ్మాస్టర్ల లెక్క ఏటా ఒకటి చొప్పున పెరుగుతోంది.

ఇంకోసారి నారాయణగూడ చౌరస్తాలో బారాత్ ఆగినప్పుడు ఒక్క ఊపిరి మీద స్వరం పట్టి నిలబెడితే, ఆ స్వరం దిగేలోగా సిగ్నల్ మూడుసార్లు ఎర్రబడి మూడుసార్లు పచ్చబడిందట. దీనికి సాక్ష్యం చెన్నయ్య. ఇరవై ఎనిమిదేళ్లుగా జగదీశ్వర్ ఎడమ భుజం పక్కన నిలబడి సైడ్ డ్రమ్ము కొట్టే మనిషి. బక్కపలచగా ఉంటాడు, కళ్లు మూసుకుని కొడతాడు, మాటకు మాట సరిపోయేంతే మాట్లాడతాడు.

“అవునా చెన్నయ్యా, మూడుసార్లు?” అని ఎవరైనా అడిగితే, “అవును. ఆ రోజు సిగ్నల్ ఖరాబైంది” అంటాడు.

అయినా జగదీశ్వర్‌కు చెన్నయ్య అంటే ప్రాణం. ఎవరి భుజం ఎవరికి ఆనుకొని నడుస్తోందో చెప్పలేనంతగా కలిసిపోయిన జత అది. అందుకే, మూడేళ్ల కిందట తన ఎడమ దవడలో ‘టక్’ మని శబ్దం మొదలైనప్పుడు జగదీశ్వర్ దాన్ని మొదట చెన్నయ్యకే వినిపించాడు.

“ఇన్నవా? మనిషికి దేవుడు తాళం చేతిల వెడ్తడు. నాకు దవడల వెట్టిండు.”

“డాక్టర్‌కు జూపియ్ మాస్టర్.”

“డాక్టర్లకు గిది సమజ్ గాదు. సంగీతం రావాలె.”

నోరు తెరిస్తే టక్, మూస్తే టక్. పాట మధ్యలో ఊపిరి కోసం పెదవులు వదిలితే టక్. ఇంట్లో భోజనాల దగ్గర అప్పడం విరిగిందో మొగుడి దవడ మోగిందో తెలియక భార్య లక్ష్మి తల తిప్పి చూడటం మానేసింది. కూతురు అనూహ్య అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటూ గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది. పగలంతా లైబ్రరీలో కూర్చుని వచ్చాక ఆ పిల్లకు ఇంట్లో కావలసింది నిశ్శబ్దం. “నాన్నా, నమిలితే నమిలినవ్ గానీ, దరువెయ్యకు” అని బతిమాలుకునేది.

టక్కుతో ఆగితే ఈ కథ లేదు. రెండో ఏడు చెవి ముందు చిన్న ఉబ్బు లేచింది. మూడో ఏడు నోరు సగమే తెరుచుకోవడం మొదలైంది. తెరిచినప్పుడు గడ్డం ఎడమపక్కకు లాగేది. మిర్చి బజ్జీని నిలువుగా చీల్చి తినాల్సి వచ్చింది. ఆ మనిషి జీవితంలో అంతటి అవమానం ఎప్పుడూ పడలేదు. క్లారినెట్ మూతి పట్టేంత సందు ఉంది కాబట్టి పాట ఆగలేదు, కానీ రెండు పాటలు కాగానే నొప్పి కణత దాకా ఎగబాకేది. మూడో పాటకు కళ్లలో నీళ్లు తిరిగేవి. జనం దాన్ని భావం అనుకొని ఈలలు వేసేవాళ్లు. ఆయన కూడా అదే అనుకోనిమ్మని ఊరుకునేవాడు.

సరిగ్గా అప్పుడే చెన్నయ్య కూతురు సింధూర పెళ్లి కుదిరింది. వరుడు అనుదీప్, కవాడిగూడ కుర్రాడు, బ్యాంకులో ఉద్యోగం. ముహూర్తం శ్రావణంలో.

బ్యాండ్ వాళ్ల ఇళ్లలో ఆడపిల్ల పెళ్లంటే అది మామూలు పెళ్లి కాదు. పిలిచినా పిలవకపోయినా చుట్టుపక్కల బ్యాండ్లన్నీ తమ తమ యూనిఫాంలు ఇస్త్రీ చేయించుకుని వస్తాయి. ఒక్కో బ్యాండ్ ఒక్కో పాట వాయించి అక్షింతలు వేసి వెళ్తుంది. అయితే మొదటి పాట మాత్రం పెళ్లికూతురి ఇంటి బ్యాండ్‌దే. ఎదుర్కోలుకు వెళ్లేటప్పుడు పిల్ల తండ్రి తన వాయిద్యం తానే మెడలో వేసుకోవాలి, పక్కన ఆయన మాస్టర్ నిలబడాలి, ఇద్దరూ మొదలుపెట్టాలి. అల్లుడిని ఆ పాట మీదే నడిపించుకొని రావాలి. మొదటి పాట మధ్యలో తెగితే, పక్కనున్న బ్యాండ్ అందుకుంటుంది. ఎవరూ ఏమీ అనరు. కానీ ఆ మాట ఆ కుటుంబంలో మనుమల పెళ్లిళ్ల దాకా నడుస్తుంది.

చెన్నయ్య పసుపు పూసిన పత్రికా పావు కిలో బాలూషాహీలూ పట్టుకొని మడిగెకు వచ్చాడు.

“మాస్టర్, నువ్వు నా కుడి పక్కకు.”

“నేనెప్పుడన్న ఒకని పక్కకు నిలబడ్డనా? నువ్వే నా ఎడం పక్కకు.”

“అయితే నోరు తీపి చేస్కో.”

జగదీశ్వర్ బాలూషాహీ తీసుకున్నాడు. నోరు తెరిచాడు. బాలూషాహీ వైపు చూశాడు, నోటికి చూపించాడు, తిప్పి చూపించాడు. అది లోపలికి పోలేదు. చివరికి గోటితో గిల్లి చిన్న ముక్క పెదవుల మధ్య తోశాడు. చెన్నయ్య ఆ మిగిలిన ముక్కను తీసి డబ్బాలో పెట్టి మూత పెట్టాడు. ఆ మూత శబ్దం జగదీశ్వర్‌కు తన దవడ శబ్దం కన్నా గట్టిగా వినబడింది.

మర్నాడే అనూహ్య తండ్రిని నారాయణగూడలోని దవడల డాక్టర్ దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టర్ నాగశ్రీ నలభై ఏళ్ల మనిషి, విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. స్కేలు పెట్టి నోరు కొలిచింది.

“పంతొమ్మిది మిల్లీమీటర్లండీ. నలభై ఉండాలి. ఇన్నాళ్లూ ఏం చేశారు?”

“కచేరీలు మేడం.”

“నొప్పి లేదా?”

“నొప్పా? మా నాయిన కాలు మీదికెల్లి బగ్గీ చక్రం వోయినా గూడ సరిగమ తప్పలే. ఆయన కొడుకును.”

“బగ్గీ సంగతి తర్వాత చూద్దాం. ముందు స్కానింగ్ తీయిద్దాం.”

స్కానింగ్ తీసిన తరవాత రిపోర్టు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆ సందు చరిత్రలో నిలిచిపోయాయి. జగదీశ్వర్ మాట్లాడలేదు. మడిగె ముందు టీ తాగేవాళ్లు తమ గ్లాసుల వైపు చూసుకుంటూ తాగి పోయారు. ఉబ్బు అంటే ఏమిటో, పాతికేళ్లు నమిలిన జర్దా పాన్‌కు ఏమవుతుందో ఆయనకూ తెలుసు, అందరికీ తెలుసు. రెండో సాయంత్రం లక్ష్మి పక్కన కూర్చుని, “ఒక్క అబద్ధమన్న ఆడయ్యా, ఇల్లు ఇల్లు లెక్క లేదు” అంది. ఆయన నోరు తెరిచాడు, టక్ మంది, మళ్లీ మూసుకున్నాడు.

మూడో రోజు డాక్టర్ నాగశ్రీ కంప్యూటర్ తిప్పి చూపించింది. నల్లటి బొమ్మలో చెవి ముందు తెల్లటి గింజలు, ఒక గుప్పెడు.

“మొదటి మాట ఇదండీ. కేన్సర్ కాదు. హాని లేని గడ్డలు. కీలు లోపల ఒక పల్చటి పొర ఉంటుంది. ఒక్కోసారి ఆ పొర ఉన్నట్టుండి మెత్తటి ఎముక గింజల్ని పుట్టిస్తుంది. అవి తెగి కీల్లో అటూ ఇటూ దొర్లుతుంటాయి. మీ నోరు తెరుచుకోనివ్వనివి ఇవే. ఎక్కడికీ పాకవు, ప్రాణం తీయవు. కానీ వదిలేస్తే కీలును అరగదీస్తాయి.”

జగదీశ్వర్ ఆ గింజల వైపు చూశాడు. రెండు రోజులు బిగబట్టిన ఊపిరి వదిలాడు.

“సాబుదాన లెక్కున్నయ్” అన్నాడు. అంతే, మనిషి తిరిగి వచ్చేశాడు. “అంటే మేడం, నా దవడల పంట వండుతున్నదన్నట్టు. హైదరాబాద్ మొత్తంల ఎవ్వనికన్న ఉన్నదా గిది?”

“అరుదేనండీ.”

“ఇన్నవా బిడ్డా? అరుదంట!”

చెవి ముందు రెండు చిన్న రంధ్రాలు చేస్తామని డాక్టర్ చెప్పింది. ఒకదాంట్లోంచి బాల్‌పెన్ రీఫిల్ అంత సన్నటి కెమెరా వెళ్తుంది. రెండో దాంట్లోంచి ఉప్పునీళ్లు పోసి కడిగి, బుల్లి పట్టకారుతో గింజల్ని ఒక్కొక్కటే తీస్తారు. ఆ పొరను కూడా శుభ్రం చేస్తారు. కోసి తెరవడం ఉండదు, మర్నాడు ఇంటికి పోవచ్చు. ముఖాన్ని నడిపించే నరం ఆ చెంతనే ఉంటుంది కాబట్టి చాలా జాగ్రత్తగా చేయాలి. ఆరు వారాలు క్లారినెట్ ముట్టకూడదు, ఆ తరవాత రోజుకు ఐదు నిమిషాలతో మొదలు.

జగదీశ్వర్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. ఆపరేషన్‌కు పెళ్లికి మధ్య ఎనిమిది వారాలు.

“నా దోస్తు బిడ్డ పెండ్లి మేడం. మొదటి పాట నాది. వాయిస్తనా?”

డాక్టర్ అబద్ధం చెప్పే మనిషి కాదు. “చెప్పింది చెప్పినట్టు చేస్తే వాయించొచ్చు. చెప్పనిది చేస్తే మాత్రం ఆ పెళ్లికి మీరూ ప్రేక్షకుడే.”

ఆ సాయంత్రం చిక్కడపల్లిలో వేరే ఆపరేషన్ జరిగింది. టీ కొట్టు ముందు జగదీశ్వర్ చెప్పిన దాని ప్రకారం, డాక్టర్లు ముందు దవడను పూర్తిగా ఊడదీసి ట్రేలో పెడతారు. దాన్ని ఏడు రకాల నీళ్లతో కడుగుతారు. ఆ సమయంలో మనిషి దవడ లేకుండా కూర్చుని పేపరు చదువుకోవచ్చు. తరవాత బిగించేటప్పుడు నట్లు కొంచెం వదులుగా బిగించమని తానే చెప్పాడట, పైస్థాయి స్వరానికి అనువుగా ఉంటుందని.

“మరి నరం?” అని అడిగాడు టీ కొట్టు మనిషి.

“నరాలకు నేనంటే భయం.”

ఆపరేషన్ జ్యేష్ఠంలో అయింది. మత్తు ఇచ్చే డాక్టర్ పది దాకా లెక్కపెట్టమన్నాడు. తాను రెండు వందల దాకా లెక్కపెట్టాననీ, ఈలోగా డాక్టర్లే కునుకు తీశారనీ జగదీశ్వర్ అంటాడు. నర్సు చెప్పిన ప్రకారం మూడు. గంటన్నర తరవాత కళ్లు తెరిచేసరికి పక్కన ఒక చిన్న డబ్బా, అందులో నీళ్లలో తేలుతూ తెల్లటి గింజలు. ముప్పై ఒకటి. పరీక్షకు పంపించే ముందు డాక్టర్ ఒకసారి చూపించమంది. అనూహ్య ఫోటో తీసుకుంది.

ఆయన చెయ్యి మెల్లగా చెవి ముందుకు పోయింది. అక్కడ రెండు చిన్న ప్లాస్టర్లు. అంతే.

“గింతేనా?” అన్నాడు నీరసంగా.

“గింతే” అంది లక్ష్మి, దేవుడికి దండం పెట్టుకుంటూ.

“గింత దానికి దవాఖానల ఎందుకు పండవెట్టిండ్రు? దోమ కుట్టినా గింతకంటె పెద్దగనే కనవడ్తది! ఊర్ల ముఖమెట్ల చూపెట్టాలె?”

అద్దంలో చూసుకున్నాక దుఃఖం ఇంకా ఎక్కువైంది. ఎక్కడా పెద్ద గాటు లేదు, కుట్ల వరస లేదు. మర్నాడు ఇంటికి వచ్చేటప్పుడు లక్ష్మి ఎంత వద్దన్నా వినకుండా తల చుట్టూ తెల్లటి గుడ్డ నాలుగు చుట్లు చుట్టించుకున్నాడు. ఆటో దిగగానే సందంతా లేచి నిలబడింది. టీ కొట్టు మనిషి పొయ్యి ఆర్పేశాడు. ఆ సాయంత్రానికి గింజలు అరవై అయ్యాయి. మూడు రోజులకు గుడ్డ కింద ఉక్కపోసి దురద పెట్టి తీసేసేసరికి నూటెనిమిది. బోనాల నాటికి ఇక లెక్క చెప్పడం మానేసి, “ఓ సోలెడు” అనేవాడు.

తరవాతి ఆరు వారాల్లో ఆయనకు రెండు శిక్షలు పడ్డాయి. మొదటిది తిండి. నమలడానికి లేదు కాబట్టి లక్ష్మి మొదటి రోజే ప్రేమగా ఓ గిన్నెడు పాయసం తెచ్చింది. సగ్గుబియ్యం పాయసం, అదే సాబుదానది. జగదీశ్వర్ చెంచా పైకెత్తి ఆ గింజల వైపు చూసి, చెంచా కింద పెట్టేశాడు.

“నా దవడలకెల్లి తీసిన్రు, మళ్ల గిన్నెల వోసి తెచ్చినవా?”

లక్ష్మి నవ్వి నవ్వి అక్కడే కూలబడింది. ఆ పాయసం అనూహ్య తాగింది. ఆయనకు రాగి జావ పోశారు.

రెండోది చెక్కపుల్లలు. ఐస్‌క్రీం పుల్లల్లాంటివి ఒక కట్ట ఇచ్చి, పళ్ల మధ్య దొంతరగా పెట్టుకుని రోజుకు ఐదుసార్లు నోరు సాగదీయమంది డాక్టర్. మూడు రోజులకొక పుల్ల పెంచాలి. ఒకటి ఎక్కువైనా ఒప్పుకోనని చెప్పింది. అనూహ్య గోడ మీద తన కరెంట్ అఫైర్స్ చార్టు పక్కన తండ్రి నోటి చార్టు అతికించింది. ఇరవై నాలుగు, ఇరవై ఏడు, ముప్పై. చదువుకునే పిల్లకు మార్కులు రాకపోయినా గోడ మీద ఒక మనిషికి మాత్రం వారం వారం పెరిగాయి. “మన ఇంట్ల ముందు నువ్వే క్వాలిఫై అయితున్నవ్ నాన్నా” అనేది.

క్లారినెట్‌ను లక్ష్మి బియ్యం డబ్బాలో దాచింది. ఆయన ఆరు వారాలు దాన్ని వెతకలేదు. వెతికితే దొరుకుతుందని తెలుసు, దొరికితే ఊదుతానని తెలుసు, ఊదితే సింధూర పెళ్లి పోతుందని తెలుసు. గొప్పలకు మాత్రం ఎవరూ మూత పెట్టలేదు. పెదవులు ఎక్కువ కదపకుండా చెప్పడం నేర్చుకున్నాడు. ఆషాఢంలో చిక్కడపల్లి బోనాలు ఆయన క్లారినెట్ లేకుండా పోయాయి. ముత్యాలు బ్యాండ్‌లో ట్రంపెట్లు మాత్రమే మోగాయి. అమ్మవారు తనవైపు తిరిగి “నువ్వేడ బిడ్డా?” అన్నట్టు చూసిందనీ, తాను నోటి మీద వేలు పెట్టి పుల్లల కట్ట చూపిస్తే అర్థం చేసుకుందనీ ఆయన అంటాడు. ఇంకో సంగతి కూడా అంటాడు. ఆయన ఇంటి వెనకే అశోక్‌నగర్ వైపు తిరిగిన హాస్టల్ కిటికీలున్నాయి. ఆ ఆరు వారాల నిశ్శబ్దంలో చదువుకుని ఆ కిటికీల్లోంచి నలుగురు ఎస్సైలు, ఇద్దరు తహసీల్దార్లు పుట్టుకొచ్చారట. ప్రభుత్వం తనకు బాకీ అట.

ఏడో వారం క్లారినెట్ బియ్యంలోంచి బయటికి వచ్చింది. మొదటి రోజు ఐదు నిమిషాలు. నొప్పి లేదు. రెండో రోజు ఏడు. నోరు ముప్పై ఎనిమిదికి వచ్చింది. ఊపిరి తీసుకుంటే గాలి కిటికీ తెరిచినట్టు వచ్చి పడుతోంది. ఆ వారం చివర మడిగెలో బ్యాండ్ మొత్తం కూర్చుంది. పదకొండు మంది. చెన్నయ్య ఎడమ భుజం పక్కకు వచ్చి నిలబడి కళ్లు మూసుకున్నాడు.

పాట మొదలైంది. మొదటి వరస అయింది. జగదీశ్వర్ ఊపిరి కోసం పెదవులు వదిలి తిరిగి అందుకున్నాడు. డ్రమ్ము అందుకోలేదు. అర అడుగు వెనక పడింది. దాన్ని చూసి పెద్ద డ్రమ్ము ఆగింది. ట్రంపెట్లు రెండు జట్లుగా చీలిపోయాయి. పాట పెళ్లి గుర్రాలు తాళ్లు తెంపుకున్నట్టు తలా ఒక దిక్కుకు పోయింది.

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అక్కడే తెగింది. ఐదోసారి తెగినప్పుడు జగదీశ్వర్ క్లారినెట్ దించాడు.

“ఏమైందిరా చెన్నయ్యా? పెండ్లి పరేషాన్ల ఉన్నవా?”

చెన్నయ్య కళ్లు తెరిచాడు. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

“మాస్టర్, నీ టక్ ఏడ వోయింది?”

చెన్నయ్య మెల్లగా చెప్పుకొచ్చాడు. మూడేళ్లుగా మాస్టర్ ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ చెవి పక్కన టక్ మనేది. ఆ టక్ మీద తన కర్ర పడేది. ఇది తాను నేర్చుకున్నదీ కాదు, అనుకున్నదీ కాదు. అంతకుముందు ఇరవై ఐదేళ్లు దేని మీద కొట్టాడో ఇప్పుడు గుర్తు రావట్లేదు. 

పెళ్లికి ఆరు రోజులుంది. మనిషన్నవాడు ఏం చేస్తాడు? ఇంకోడైతే కూర్చుని సాధన చేస్తాడు. వీళ్లు బ్యాండ్ వాళ్లు. వాయిద్యం పలకకపోతే దాన్ని బాగుచేసిన మనిషి దగ్గరికి తీసుకుపోవడమే వాళ్లకు తెలిసిన పద్ధతి. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ డాక్టర్ నాగశ్రీ ముందు కూర్చున్నారు. జగదీశ్వర్ క్లారినెట్, చెన్నయ్య డ్రమ్ము కూడా తెచ్చారు.

“మేడం, మీ చెయ్యి బంగారం. నొప్పి లేదు, వాపు లేదు. ఒక్క చిన్న లోపం జరిగింది” అన్నాడు జగదీశ్వర్.

డాక్టర్ ముందుకు వంగింది. “ఏమిటండీ? మొద్దుబారిందా? కన్ను మూతపడట్లేదా?”

“టక్ వోయింది.”

“ఏం పోయింది?”

“టక్, అమ్మా” అన్నాడు చెన్నయ్య వినయంగా. “లోపల ఒక రాయి ఇడిసిపెట్టినా సరిపోయేటిది. ఒక్కటి. చిన్నది.”

డాక్టర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“అది పోవడానికే కదండీ నేను గంటన్నర నిలబడింది!”

“అన్నీ మీరే తీసేస్తిరి. పేషెంట్‌ను ఒక మాటన్న అడగాలె గద మేడం.”

“మత్తులో ఉన్న మనిషిని ఎట్లా అడగనండీ?”

“నేను మెలకువతోనే ఉంటి. రెండొందల దాకా లెక్కపెట్టిన.”

డాక్టర్ నాగశ్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. తరవాత ఇక ఆపుకోలేక బల్ల మీద తల పెట్టి నవ్వింది. బయట కూర్చున్న పేషెంట్లు తలుపు వైపు చూశారు. కళ్లు తుడుచుకుని ఆమె చెన్నయ్య వైపు తిరిగింది.

“చూడండి, మీ మాస్టర్ గారికి నేను తిరిగి రాయి పెట్టలేను. పెట్టినా నా డిగ్రీ తీసేసుకుంటారు. మీరు కళ్లు మూసుకుని ఎందుకు కొడతారు?”

“అలవాటమ్మా.”

“తెరవండి. ఊపిరి తీసుకునే ముందు ఈయన భుజం లేస్తుంది. నేను మీకు చూపిస్తా. ఊదండి మాస్టర్ గారూ.”

ఆ క్లినిక్‌లో, దవడలు వాచిన పదిమంది పేషెంట్లు తలుపు దగ్గరికి వచ్చి చూస్తుండగా, జగదీశ్వర్ ఊదాడు. డాక్టర్ ఆయన భుజం మీద పెన్సిల్ పెట్టి చూపించింది. లేచింది పెన్సిల్. చెన్నయ్య కళ్లు తెరిచి ఆ పెన్సిల్ చూసి కొట్టాడు. పడింది. ఐదు రోజులూ అదే పని. మడిగెలో చెన్నయ్య మాస్టర్ భుజం మీద నుంచి చూపు తీయలేదు. పదింటిలో ఎనిమిదిసార్లు పడింది. జగదీశ్వర్ ఊరంతా పది అని చెప్పాడు కానీ, ఆ ఎనిమిది ఆయనకు నిద్ర పట్టనివ్వలేదు.

పెళ్లి రోజు పొద్దున నారాయణగూడ చౌరస్తా దగ్గర అనుదీప్ గుర్రమెక్కి సిద్ధంగా ఉన్నాడు. ఎదురుగా ఆరు బ్యాండ్లు. ఎరుపు కోట్లు, నీలం కోట్లు, బంగారు జాలర్లు. ముందు వరసలో కాచిగూడ బ్యాండ్ మాస్టర్ రాజీవ్, ట్రంపెట్ పెదవులకు వేలెడు దూరంలో పట్టుకుని ఉన్నాడు. ఏమీ అనడు, కానీ తెగితే అందుకోవడానికి తయారుగా ఉన్నాడు.

చెన్నయ్య పట్టు పంచె మీద డ్రమ్ము వేసుకుని వచ్చి జగదీశ్వర్ ఎడమ పక్క నిలబడ్డాడు.

“భుజం చూడు” అన్నాడు జగదీశ్వర్.

“చూస్తున్న.”

మొదటి వరస నిండుగా పోయింది. జగదీశ్వర్ భుజం లేచింది. ఓరకంట చెన్నయ్యను చూశాడు. చెన్నయ్య కళ్లు బార్లా తెరిచే ఉన్నాయి. కానీ వాటి నిండా నీళ్లు. గుర్రం మీద కూర్చున్న అల్లుణ్ణి చూశాడు, అంతే, తరవాత ఆ కళ్లకు భుజమూ లేదు, పెన్సిలూ లేదు, రోడ్డూ లేదు. కర్రలు మాత్రం ఆగలేదు. అవి తండ్రి గుండె ఎంత జోరుగా కొట్టుకుంటోందో అంత జోరుగా పడుతున్నాయి. పాట నడక కన్నా రెట్టింపు.

రాజీవ్ ట్రంపెట్ పెదవులకు తాకింది.

ఇరవై ఎనిమిదేళ్లలో జగదీశ్వర్ ఎన్నడూ ఒకరి వెనక నడవలేదు. మాస్టర్ అంటే ముందు. డ్రమ్మును వెనక్కి లాగాలంటే ఆగాలి, ఆగితే తెగుతుంది. ఆలోచించడానికి అర ఊపిరి కూడా లేదు. ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లూ తెరిచి గాలి గుటుక్కున మింగి, చెన్నయ్య కర్రల వెంట పరిగెత్తాడు. పాత దవడైతే రెండో మలుపులోనే బిగుసుకుపోయేది. ఈ దవడ తలుపులా తెరుచుకుంది, మూసుకుంది, తెరుచుకుంది. మెల్లగా సాగాల్సిన ఎదుర్కోలు పాట గజ్జెలు కట్టుకుని గంతులేసింది. పెద్ద డ్రమ్ము అందుకుంది. ట్రంపెట్లు అందుకున్నాయి. రాజీవ్ ట్రంపెట్ దించేసి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు.

ఆ గుర్రం ఇరవై పెళ్లిళ్లు చూసిన గుర్రం. బ్యాండ్ ఎంత జోరైతే నడక అంత జోరని దానికి నేర్పారు. అది చెవులు నిక్కించి దౌడు తీసింది. అనుదీప్ ఒక చేత్తో తలపాగా, ఇంకో చేత్తో జీను పట్టుకుని “అరే, అరే” అంటున్నాడు. ముసలి మేనత్తలు చెప్పులు చేతిలో పట్టుకుని పరిగెత్తారు. హారతి పళ్లెం పట్టుకున్న లక్ష్మి దీపం ఆరకుండా చీర చెంగు అడ్డం పెట్టి ఉరికింది. వెనక ఐదు బ్యాండ్లు వంద కాళ్ల మీద చిక్కడపల్లి వైపు దొర్లుకుంటూ వచ్చాయి. ట్రాఫిక్ పోలీసు విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు.

ఫంక్షన్ హాల్ గేటు ముందు పాట ముగిసింది. ఎక్కడా తెగలేదు. చెన్నయ్య డ్రమ్ము మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడుస్తూ నవ్వుతున్నాడు. జగదీశ్వర్ ఆయన వీపు మీద అరచేయి ఉంచాడు. గొప్ప మాట ఒక్కటి కూడా నోటికి రాలేదు. వచ్చినట్టే వచ్చి, ఊపిరి చాలక వెనక్కి పోయింది.

కాచిగూడ రాజీవ్ రొప్పుతూ వచ్చి చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

“అన్నా, ఏం నడకనే గది? ఎప్పుడినలే. మాక్కూడ నేర్పు జర.”

జగదీశ్వర్‌కు ఊపిరి అందింది.

“అది మా నాయిన నడక. చిన్న పెండ్లిళ్లల్ల తియ్యం. గుర్రాలు ఆగవు.”

లోపల మండపం ఖాళీగా ఉంది. కుర్చీలకు ఇంకా కవర్లు తొడుగుతున్నారు. పంతులుగారు సూర్యప్రకాశరావు అరటాకు ముందు కూర్చుని ఇడ్లీ విరుస్తూ తలెత్తి చూశారు. గుమ్మంలో గుర్రం, గుర్రం మీద చెమటలు కారుతున్న పెళ్లికొడుకు, వెనక ఆరు బ్యాండ్లు.

“ఇదేమిటి నాయనా, ముహూర్తం ఇంకా గంటంపావుంది!” అన్నారాయన కంగారుగా. తరవాత తన ఆకు వైపు చూసుకున్నారు. “వచ్చారు సరే. మిగతావాళ్లెవరైనా ఒకటి నెమ్మదైనది వాయించండి. నాకింకా రెండు ఇడ్లీలూ, వడా ఉన్నాయి.”